ఇంటికి వచ్చే మనుషులు, ఇంట్లో ఎదిగే పిల్లలు

పిల్లలకు నీతి ఎలా నేర్పాలని అడిగే తల్లిదండ్రులు చాలామంది ముందు పుస్తకం పేరు అడుగుతారు. సుమతీ శతకం చాలా, వేమన పద్యాలు కూడా చెప్పించాలా, పంచతంత్రం బొమ్మల పుస్తకం ఏ వయసులో కొనాలి అని. మంచి ప్రశ్నలే. పద్యాలు నోటికి రావాలి, కథలు చెవిన పడాలి. అయితే నేను వాళ్లను ముందుగా వేరే సంగతి అడుగుతాను. మీ ఇంటికి పనికి వచ్చే ఆవిడ టీ ఏ గ్లాసులో తాగుతుంది?

చాలా ఇళ్లలో ఈ ప్రశ్నకు వెంటనే జవాబు రాదు. ఆ గ్లాసు వేరుగా ఉంటుంది మరి. వంటింటి గూట్లో మిగతా గ్లాసుల వరసలో ఉండదు. సింకు పక్కన గట్టు చివరనో, బాల్కనీ కిటికీలోనో బోర్లించి ఉంటుంది. నాలుగేళ్ల పాప దాహం వేసి ఆ గ్లాసు అందుకుంటే అమ్మో నాయనమ్మో గబుక్కున "అది కాదమ్మా" అని తీసేసుకుంటారు. ఎందుకు కాదో ఎవరూ చెప్పరు. చెప్పకుండానే పాపకు అర్థమైపోతుంది, కొందరు మనుషులు తాకిన వస్తువు మనం తాకకూడదని. మన రాజ్యాంగం 17వ అధికరణంతో అంటరానితనాన్ని రద్దు చేసింది. అది 1950 నుంచి అమల్లో ఉంది. పాప పెద్దయ్యాక సాంఘిక శాస్త్రంలో ఆ పాఠం చదువుతుంది, పరీక్షలో రాస్తుంది. కానీ అంతకు చాలా ఏళ్ల ముందే ఇల్లు ఇంకో పాఠం చెప్పేసి ఉంటుంది.

ఎవరినీ నొప్పించాలని ఈ మాట అనడం లేదు. ఈ అలవాటు మనలో ఎక్కువమందికి పుట్టి పెరిగిన ఇంటి నుంచి వచ్చిందే. ఎవరూ కూర్చుని ఆలోచించి పెట్టుకున్నది కాదు. కాబట్టి మానుకోవడం కూడా కష్టం కాదు. ఆ గ్లాసు తీసి మిగతావాటిలో కలిపేయండి. పిల్లలు చూస్తుండగా కలపండి. ఎందుకని అడిగితే, "ఇన్నాళ్లూ వేరుగా పెట్టడం తప్పు నాన్నా, ఇకనుంచి పెట్టం" అని చెప్పండి, చాలు. ఇంట్లో పెద్దావిడ నొచ్చుకుంటే పిల్లల ముందు వాదన పెట్టుకోకండి. ఆమెతో ఒంటరిగా, "అత్తయ్యా, పిల్లలు చూస్తున్నారు, ఇక మీదట ఇలాగే ఉండనిద్దాం" అని మెల్లగా చెప్పండి. పెద్దల మీద గౌరవం, పనిచేసే మనిషి మీద గౌరవం ఒకే ఇంట్లో ఇమడగలవని పిల్లలు అక్కడే చూస్తారు.

పసివాళ్లలో దయ లేదని, మనమే దాన్ని పుట్టించాలని అనుకుంటే పొరపాటు. జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో మాక్స్ ప్లాంక్ సంస్థకు చెందిన ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టొమాసెల్లో అనే పరిశోధకులు 2006లో ఒక పరిశోధన ప్రచురించారు. 18 నెలల పిల్లల ముందు ఒక కొత్త మనిషి బట్టలు ఆరేస్తూ క్లిప్పు జారవిడుస్తాడు. అందుకోవాలని చేయి చాపుతాడు, అందదు. ఆ పిల్లల్లో చాలామంది తప్పటడుగులు వేసుకుంటూ వెళ్లి క్లిప్పు తీసి అతని చేతికిచ్చారు. ఇవ్వమని ఎవరూ అడగలేదు. ఇస్తే ఏదో పెడతామని ఆశ చూపలేదు. వాళ్లే 2008లో 20 నెలల పిల్లలతో మరో పరిశోధన చేశారు. సాయం చేసిన ప్రతిసారీ బొమ్మ బహుమతిగా అందుకున్న పిల్లలు, బహుమతి ఆగిపోయాక సాయం చేయడం తగ్గించారు. ఉత్త మెచ్చుకోలు విన్న పిల్లలు, ఏమీ అందుకోని పిల్లలు ఎప్పటిలాగే చేస్తూ వచ్చారు.

దీన్ని మన ఇళ్లకు అన్వయించుకుంటే ఉపయోగం ఉంది. "చెల్లికి సగం పెడితే నీకు ఐస్‌క్రీం కొనిపెడతా" అని బేరం పెట్టకండి. పెట్టాక చెల్లెలి ముఖం వెలిగిపోతుంది కదా, దానివైపు పిల్లవాడి చూపు మళ్లించండి. "చూడు, ఎంత సంబరపడిందో" అనండి. వాడికి దక్కవలసిన ప్రతిఫలం అంతే, అది చాలు కూడా. మంచి పనికి వెల కట్టడం మొదలుపెడితే, రేపు వెల లేనిచోట మంచి చేయడానికి వాడికి కారణం కనబడదు.

హోటళ్లలో ఒక దృశ్యం ఈమధ్య ఎక్కువగా కనిపిస్తోంది. చూసినప్పుడల్లా నా మనసు చివుక్కుమంటుంది. కుటుంబమంతా బల్ల చుట్టూ కూర్చుని భోంచేస్తుంటారు. వాళ్ల పసిబిడ్డను ఎత్తుకుని పన్నెండు, పదమూడేళ్ల అమ్మాయి ఒకతె కాస్త దూరంగా నిలబడి ఉంటుంది. అందరి భోజనాలూ అయ్యాక ఆమెకు ఏదో పొట్లం కట్టిస్తారు. బల్ల దగ్గర కూర్చున్న వాళ్ల పెద్ద పిల్లవాడిదీ, ఆ నిలబడిన పిల్లదీ ఇంచుమించు ఒకటే వయసు. తన ఈడు పిల్ల అలా నిలబడి చూస్తుంటే తాను తినడం మామూలే అని ఆ పిల్లవాడికి ఆ పూటతో అలవాటవుతుంది. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదని 2016లో సవరించిన బాలకార్మిక నిషేధ చట్టం చెబుతోంది. ఇంటిపని కూడా అందులోకి వస్తుంది. పద్నాలుగు దాటినవాళ్లయినా సరే, మనతో హోటలుకు తీసుకెళ్తే మన బల్ల దగ్గరే కుర్చీ వేయించాలి. అలా వేయించడం కుదరదనుకుంటే వాళ్లను తీసుకెళ్లకండి. ఇందులో మధ్యే మార్గం ఉందని నేను అనుకోను.

జీతం మాట కూడా పిల్లల ముందే నడుస్తుంది. పనావిడ రెండు రోజులు రాకపోతే కోత వేయాలా వద్దా అని భార్యాభర్తలు మాట్లాడుకుంటుంటే పక్కగదిలో హోంవర్క్ చేసుకునే పిల్లలు అంతా వింటూనే ఉంటారు. తమకు జ్వరం వస్తే బడి మానేయవచ్చు, నాన్నకు బాగా లేకపోతే ఆఫీసులో సెలవు పెట్టవచ్చు. మరి ఆవిడకు జ్వరం వస్తే? నెలకు ఇన్ని సెలవులని ముందే అనుకుని, ఆ మాట నిలబెట్టుకోండి. మొదటి తారీఖునే జీతం ఇవ్వండి, రెండుసార్లు అడిగించుకోకండి. ఆవిడ పిల్లలు ఏ తరగతి చదువుతున్నారో మీ పిల్లలకు తెలిసి ఉండాలి. వయసులో పెద్దదైన మనిషిని మీ పిల్లలు "ఏయ్, నువ్వు" అని పిలిస్తే అప్పటికప్పుడే ఆపండి. పిన్ని అనో, అత్త అనో, పేరు చివర అమ్మ చేర్చో పిలవడం మన ఊళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే. వాచ్‌మన్ తాతనీ, చెత్తబండి అన్ననీ, లిఫ్టులో ఎదురయ్యే డెలివరీ అబ్బాయినీ అలా పలకరించే పిల్లలకు మనుషుల విలువ గురించి విడిగా పాఠం చెప్పనక్కర్లేదు.

కథలు చెప్పాలనుకుంటే మన నేల మీద నడిచినవాళ్లున్నారు. కోనసీమలోని లంకల గన్నవరంలో ఉండిన డొక్కా సీతమ్మ గారి గురించి మీ పిల్లలకు తప్పకుండా చెప్పండి. ఆమె 1841లో మండపేటలో పుట్టారు. డొక్కా జోగన్న గారి ఇల్లాలిగా లంకల గన్నవరం వచ్చారు. గోదావరి పాయలు దాటుకుంటూ వచ్చే బాటసారులకు దారిలో పిడికెడు అన్నం దొరకడం గగనమైన రోజులవి. ఆకలని వచ్చినవారికి వేళ చూడకుండా, కులం అడగకుండా, 1909లో కన్నుమూసేదాకా ఆమె వండి పెట్టారు. ఒకసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయల్దేరారట. దారిలో కొందరు పిల్లలతో నడిచి వస్తూ, ఇంకాస్త ఓర్చుకుంటే సీతమ్మ గారి ఇంటికి చేరతాం, అన్నం తిందాం అని ఆ పిల్లల్ని సముదాయించడం ఆమె చెవిన పడిందట. యాత్ర మాని వెనక్కి తిరిగి, వాళ్లకంటే ముందే ఇల్లు చేరి పొయ్యి వెలిగించారని ఆ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఈ కథలో పిల్లలకు పట్టించవలసింది దానం ఎంత పెద్దదన్నది కాదు. ఆమె చెవి ఎటు ఉందో చూడమనండి. గుడికి వెళ్తున్న మనిషికి, ఎవరో ముక్కూమొహం తెలియని పిల్లల ఆకలి వినబడింది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడుల్లో మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టింది. మీ పాప అక్కడి సర్కారు బడిలో చదువుతుంటే ఆ పేరు రోజూ చూస్తూనే ఉంటుంది. ఆ భోజనం వండి వడ్డించే ఆవిడ పేరేమిటో పాపను అడగండి. తెలియదంటే, రేపు కనుక్కుని రమ్మనండి. ఇంటి దగ్గర కూడా అంతే. ఎండలో మధ్యాహ్నం పార్సిల్ తెచ్చిన అబ్బాయి గుమ్మంలో నిలబడితే, లోపలినుంచి చల్లని మంచినీళ్లు తెచ్చి ఇవ్వడం ఏడేళ్ల పిల్లలు చేయగలిగిన పనే. పోతన భాగవతం నవమ స్కంధంలో రంతిదేవుడి కథ ఉంది. 48 రోజులు అన్నం నీళ్లు లేక, చివరికి చేతికందిన కాసిని అన్నాన్నీ, ఆఖరికి మిగిలిన మంచినీళ్లనీ కూడా వచ్చినవారికి వచ్చినట్టు ఇచ్చేసిన రాజు కథ. పిల్లలకు ఆ కథ చెప్పిన రోజే గుమ్మం దగ్గర ఈ నీళ్ల గ్లాసు కూడా ఇప్పించండి. కథ అప్పుడు ఇంట్లోకి వస్తుంది.

పుట్టినరోజులకు అనాథాశ్రమానికి వెళ్లడం ఇప్పుడు చాలామంది చేస్తున్నారు. ఉద్దేశం మంచిదే. జరిగే తీరు మాత్రం నాకు బాధ కలిగిస్తుంది. కొత్త బట్టలు వేసుకున్న బాబు కేకు కోస్తుంటే, అమ్మానాన్నా లేని పిల్లలు వరసగా నిలబడి చప్పట్లు కొడతారు. పళ్లెం అందిస్తూ ఫొటో, అన్నం వడ్డిస్తూ ఫొటో, సాయంత్రానికి అవన్నీ వాట్సాప్ స్టేటస్‌లో. ఆ వరసలో నిలబడిన పిల్లల్లో ఎవరి పుట్టినరోజు ఎప్పుడో ఎవరూ అడగరు. వెళ్లదలిస్తే కేకు ఇంట్లోనే కోసుకుని వెళ్లండి. ముందుగా ఫోను చేసి వాళ్లకు ఏం కావాలో అడగండి. చాలాసార్లు బిర్యానీ కంటే దుప్పట్లు, సబ్బులు, నోటుపుస్తకాలు ఎక్కువ అవసరం పడతాయి. మీ బాబును వాళ్లతో ఓ గంట ఆడుకోనివ్వండి. ఫోను జేబులోనే ఉండనివ్వండి.

ఇచ్చే అలవాటు పిల్లల చేతికి ఎలా రావాలో మన పండగలకు బాగా తెలుసు. ధనుర్మాసంలో హరిదాసు తలమీద అక్షయపాత్రతో వీధిలోకి వస్తే, పెద్దవాళ్లు బియ్యం తాము పోయకుండా గిన్నె పిల్లల చేతికిచ్చి పంపేవారు. హరిదాసు మోకాళ్ల మీద వంగితే పిల్లలు పాత్రలో పోసేవారు. గోదావరి జిల్లాల్లో కొత్త వరికంకులను కుచ్చులుగా అల్లి పిచ్చుకల కోసం గుమ్మానికి వేలాడదీస్తారు. రంజాన్ నెల ముగిసేటప్పుడు ముస్లిం కుటుంబాలు ఫిత్రా ఇస్తాయి. ఇంట్లో ఎంతమంది ఉంటే అంతమంది తరఫున, పాలుతాగే పసికందు తరఫున కూడా, ఈద్ నమాజుకు ముందే అది పేదలకు చేరాలి, పండగపూట ఎవరూ పస్తుండకూడదని. వీటిలో మీ ఇంటికి చెందినది ఏదో ఒకటి పిల్లల చేత చేయించండి. పక్కింటివాళ్లది ఏమిటో కూడా వాళ్లకు చెప్పండి.

విదేశాల్లో పెరిగే మన పిల్లలకు ఇంట్లో పనిమనిషి ఉండదు. వేసవి సెలవులకు తాతగారి ఊరు వచ్చినప్పుడు, ఒక మనిషి గచ్చు మీద కూర్చుని టీ తాగుతుంటే వాళ్లు అందరూ వినేలా అడుగుతారు, "ఈవిడ కుర్చీలో ఎందుకు కూర్చోలేదు?" అని. దయచేసి వాళ్ల నోరు మూయించకండి. ఆ పిల్లలు అడిగినది సరైన ప్రశ్న. కుర్చీ వేయండి.

నిజం చెప్పడం గురించి పెద్దగా చెప్పనక్కర్లేదు. "నాన్న ఇంట్లో లేరని చెప్పు" అని ఫోను పిల్లల చేతికిచ్చే అలవాటు ఉంటే ఇవాళే మానేయండి. కోపం గురించి మాత్రం కొంచెం చెప్పాలి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను బడిలో పిల్లల్ని కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఇంటికి వచ్చేసరికి రెండు దెబ్బలు వేయకపోతే మాట వినరనే నమ్మకం ఇంకా గట్టిగానే ఉంది. దెబ్బ తిన్న పిల్లవాడు ఆ రోజుకు మాట వింటాడు. దాంతోపాటు, బలమున్నవాడు లేనివాణ్ణి కొట్టవచ్చని కూడా గ్రహిస్తాడు. ఆ తెలివిడిని తమ్ముడి మీదో, వీధికుక్క మీదో చూపిస్తాడు. తప్పు చేసినప్పుడు శిక్ష కంటే దిద్దుబాటు చేయించండి. పక్కింటి పూలకుండీ పగలగొడితే, తను దాచుకున్న డబ్బుతో కొత్తది కొని, తనే వెళ్లి ఇచ్చి, తన నోటితో చెప్పి రావాలి. మీరు గేటు దాకా తోడు వెళ్లండి, మాట మాత్రం వాడినే మాట్లాడనివ్వండి. అలాగే మీరు అకారణంగా అరిచిన రోజున, ఆ రాత్రి పడుకునేలోపు పిల్లల దగ్గరకు వెళ్లి తప్పు మీదేనని చెప్పండి. దానివల్ల మీ పెద్దరికానికి లోటేమీ రాదు.

వీధికుక్కల మాట వచ్చింది కాబట్టి ఒక జాగ్రత్త. మూగజీవాల మీద రాళ్లు వేయకూడదని చెప్పండి, వేసవిలో గేటు బయట నీళ్లు పెట్టించండి. అయితే తెలియని కుక్కను ముట్టుకోవద్దని కూడా అదే గొంతుతో చెప్పండి. ఎప్పుడైనా కరిచినా, గీరినా భయపడి దాచకుండా ఇంట్లో చెప్పే చనువు పిల్లలకు ఉండాలి. వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటి కింద పావుగంట కడిగి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లి టీకా వేయించాలి.

ఇంత మెత్తగా పెంచితే ఈ లోకంలో వీడు నెగ్గుకొస్తాడా అనే భయం చాలామంది తండ్రుల్లో ఉంటుంది. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. మంచితనాన్ని చేతగానితనంగా చూసేవాళ్లు అడుగడుగునా ఉన్నారు. అందుకే దయతోపాటు కాదనడం కూడా నేర్పాలి. పెద్దవాళ్లు ఏం చెప్పినా వినాలని మాత్రం చెప్పకండి. ఒంటిమీద చేయి వేసేవాడు ఎంత దగ్గరి చుట్టమైనా, గట్టిగా వద్దని అరిచి వచ్చి చెప్పమనండి. పిల్లల సహాయానికి 1098 అనే నంబరు ఉందని నోటికి వచ్చేలా చెప్పండి. క్లాసులో ఒకణ్ణి అందరూ ఏడిపిస్తుంటే, వెళ్లి తన్నుకోమని కాదు, మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పట్టుకుని వాడి పక్కన కూర్చోమనండి. అలా కూర్చోవడానికి ఎంత గుండె కావాలో చిన్నప్పుడు ఒంటరిగా తిన్నవాళ్లకు తెలుస్తుంది. మనం కూడా ఆ గుండె చూపించాలి. రోడ్డుమీద ప్రమాదం జరిగితే పోలీసులతో తలనొప్పి ఎందుకని పిల్లల్ని బండి మీద కూర్చోబెట్టుకుని పక్కనుంచి వెళ్లిపోతాం. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 134ఎ సెక్షను, మంచి మనసుతో సాయపడినవారికి కేసుల నుంచి రక్షణ ఇస్తుంది. తమ పేరు, వివరాలు చెప్పమని వాళ్లను బలవంతపెట్టడానికి వీల్లేదు. బండి ఆపి 108కి ఫోను చేయండి. వెనక కూర్చున్న పిల్లలు మిమ్మల్ని చూసి ఎంతో నేర్చుకుంటారు.

చివరగా, కొడుకులున్న ఇళ్లకు ఒక మాట. ఓర్పు, సర్దుకుపోవడం, ఇంకొకరి అవసరం కనిపెట్టడం, ఇవన్నీ మన ఇళ్లలో ఆడపిల్లల వంతుకే వస్తున్నాయి. చుట్టాలు వస్తే మంచినీళ్లు తెచ్చేది అమ్మాయి. తాతయ్యకు మాత్రలు గుర్తుచేసేది అమ్మాయి. తమ్ముడు కొడితే "పోనీలే, మగపిల్లాడు" అని ఓర్చుకోవలసింది కూడా అమ్మాయే. అబ్బాయి చదువుకుంటున్నాడని లేపం. ఇలా పెరిగిన అబ్బాయి మంచి ఉద్యోగం తెచ్చుకోవచ్చు. కానీ పక్కన మనిషికి ఏం కావాలో చూడటం వాడికి ఎవరూ నేర్పలేదు. రేపు వాడి భార్య, వాడి కింద పనిచేసేవాళ్లు, ముసలితనంలో మీరు, అందరూ ఆ లోటు భరించాలి. ఆడపిల్లకు ఓర్పు తగ్గించమని నేను అనడం లేదు. అబ్బాయికి కూడా అంతే నేర్పమంటున్నాను. ఈ ఆదివారం వడ్డన వాడికి అప్పగించండి. నాయనమ్మకు కారం తగ్గించి పెట్టాలని, అక్కకు పెరుగు ఇష్టమని వాడే కనుక్కోవాలి. అందరికీ వడ్డించి ఆఖరున తినాలి, తన కంచం తనే కడుక్కోవాలి. తండ్రులారా, ఆ రోజు మీరు కూడా లేచి వాడితోపాటు వడ్డించండి.